పరిశోధనకు కొలమానమేది? – ఒక చిన్న పత్రం చెప్పిన సమాధానం

ఒక శాస్త్రజ్ఞుని కృషిని ఎట్లు అంచనా వేయాలి? అతడు ప్రచురించిన పత్రాల సంఖ్యను బట్టియా? అవి వెలువడిన పత్రికల ప్రతిష్ఠను బట్టియా? ఇతరులు వాటిని ఎన్నిమార్లు ప్రస్తావించారన్న లెక్కను బట్టియా? నేడు నియామకాలకు, పదోన్నతులకు ఈ లెక్కలే తరచుగా ఆధారమగుచున్నవి. ఈ ప్రశ్నకు వ్యాధినిరోధక శాస్త్రచరిత్రలోని ఒక ఘట్టం చక్కని సమాధానమిస్తుంది.

పక్షులలో అవస్కరానికి పైభాగాన సంచివంటి చిన్న అవయవం ఉంటుంది. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫాబ్రీషియస్ దానిని వర్ణించాడు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1621లో వెలువడింది. నాటినుండి ఆ అవయవానికి 'ఫాబ్రీషియస్ బర్సా' అని పేరు. బర్సా అనగా సంచి. దాని ప్రయోజనం మాత్రం మూడు శతాబ్దాలకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు.

1950వ దశకంలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కోడిపిల్లలనుండి ఈ సంచిని తొలగించి, దాని ప్రయోజనాన్ని అన్వేషించుచుండెను. సహాధ్యాయి తిమోతీ చాంగ్‌కు తరగతిలో ప్రతిరక్షకాల ఉత్పత్తిని చూపుటకు కోళ్లు అవసరమై, గ్లిక్ వద్దనున్న వాటిని తీసుకొనెను. సాల్మొనెల్లా సూక్ష్మజీవుల ప్రతిజనకాన్ని ఎక్కించగా, సంచిలేని కోళ్లలో ప్రతిరక్షకాలు ఏర్పడలేదు. ప్రదర్శన విఫలమైనది, కాని ఆ వైఫల్యంలోనే గొప్ప సత్యం దాగియున్నదని మిత్రులిద్దరూ గ్రహించిరి. మరికొన్ని కోళ్లపై ప్రయోగాన్ని తిరిగి జరిపి నిర్ధారించుకొనిరి.

వారి పత్రాన్ని సుప్రసిద్ధమైన 'సైన్స్' పత్రిక తిరస్కరించినది. చివరకు 1956లో 'పౌల్ట్రీ సైన్స్' అనే కోళ్ల పెంపకపు పత్రికలో, గ్లిక్, చాంగ్, జాప్ అనువారి పేర్లతో, రెండు పుటలలో అది వెలువడినది. వైద్యశాస్త్రజ్ఞులు సాధారణంగా చదివే పత్రిక కాదది.

అయినను సత్యం మరుగున పడలేదు. 1961లో జాక్వెస్ మిల్లర్ ఎలుకలలో థైమస్ గ్రంథి ప్రాముఖ్యాన్ని వెల్లడించాడు. 1965లో మాక్స్ కూపర్, పీటర్సన్, రాబర్ట్ గుడ్ కోడిపిల్లలపై ప్రయోగాలు చేసి, థైమస్‌పై ఆధారపడిన కణాలు వేరు, ప్రతిరక్షకాలను సృజించే కణాలు వేరు అని స్పష్టంగా చూపిరి. మొదటివాటికి థైమస్ పేర 'టీ' కణాలనియు, రెండవవాటికి బర్సా పేర 'బీ' కణాలనియు నామకరణం జరిగినది. మానవునిలో బర్సా లేదు. బీ కణాలు ఎముక మజ్జలో పుట్టును. ఇంగ్లీషులో మజ్జ పేరు కూడ అదే అక్షరంతో మొదలగుట కేవలం కాకతాళీయం. 1952లో బ్రూటన్ అనే వైద్యుడు వర్ణించిన, రక్తంలో గామా గ్లోబులిన్లు లేక పదేపదే జబ్బుపడే బాలుని వ్యాధికి మూలకారణం ఈ వెలుగులోనే అర్థమైనది. 2019లో కూపర్, మిల్లర్‌లకు లాస్కర్ పురస్కారం లభించినది.

ఇక కొలమానాల సంగతి. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించిన ప్రస్తావనల సూచిక 1964లో గ్రంథరూపం దాల్చినది. ఒక భావం ఏయే దారుల పయనించినదో తెలుసుకొనుటకు అది మంచి సాధనం. తరువాత వచ్చిన 'ఇంపాక్ట్ ఫాక్టర్' పత్రికను కొలుచును, పత్రాన్ని కాదు. అదియు గత రెండేండ్ల వ్యాసాలకు లభించిన ప్రస్తావనలనే లెక్కించును. గ్లిక్ పత్రానికి తగిన ఫలితం కనబడుటకు దాదాపు పదేండ్లు పట్టినది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన సూచిక ప్రకారం, ఒకే ఒక పత్రం వేయిమార్లు ప్రస్తావింపబడినను దాని రచయితకు దక్కునది 'ఒకటి' మాత్రమే.

కావున లెక్కలు పూర్తిగా వ్యర్థమని కాదు. అవి దారిచూపే గుర్తులు మాత్రమే. ఈ పత్రాన్ని ఎవరు చదివిరి? దానిపై ఏమి నిర్మించిరి? ఏ రోగికి మేలు కలిగినది? ఈ ప్రశ్నలకు సమాధానం కావలెనన్న పత్రాన్ని చదువవలసినదే. అంకెలు ఆ పని చేసిపెట్టవు.

విద్యార్థులారా! గ్రంథాలయంలో చిన్న పత్రికను చూచి చిన్నచూపు చూడకుడు. మీ ప్రయోగశాలలో ఆశించిన ఫలితం రానప్పుడు దానిని పారవేయక, అట్లెందుకు జరిగినదని ప్రశ్నింపుడు. శాస్త్రానికి కావలసినది పేరుగాంచిన వేదిక కంటె ముందు, నిజాన్ని గుర్తించగల కన్ను.