ఎక్కువకాలం నిలిచింది ఎవరు? – పాటల పట్టికలు నేర్పే లెక్క



క్విజ్ పోటీల్లోనూ పోటీ పరీక్షల్లోనూ "రికార్డు ఎవరిది?" అనే ప్రశ్న తరచుగా వస్తుంది. జవాబు బట్టీ పట్టడం తేలిక. ఆ రికార్డును ఏ కొలబద్దతో కొలిచారో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యమని లెక్కలు చెప్పేవాడిగా నా అభిప్రాయం. ఈ పాఠానికి ఉదాహరణలను సంగీతం నుంచి తీసుకుంటున్నాను.

పట్టిక అంటే ఏమిటి?

రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన 'బినాకా గీత్‌మాలా' మన పెద్దవారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హిందీ సినిమా పాటల్లో ఏది ఏ స్థానంలో ఉందో అమీన్ సయానీ చెబుతుంటే ఇంటిల్లిపాదీ వినేవారు. అదే సంవత్సరం నవంబరు 14న బ్రిటన్‌లో 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' పత్రిక ఆ దేశపు మొదటి రికార్డు అమ్మకాల పట్టికను అచ్చువేసింది. సుమారు 20 దుకాణాలకు ఫోను చేసి, ఏవి ఎక్కువగా అమ్ముడయ్యాయో అడిగి తయారుచేసిన పట్టిక అది. ఇలాంటి జాతీయ పట్టికల్లో ఎక్కువకాలం నిలిచినవారు ఎవరు? ఈ ప్రశ్నకు కనీసం మూడు కొలతలున్నాయి.

మొదటి కొలత: వారాలు

ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే ఆల్బమ్‌ల పట్టికలో అది మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం. కాని 1988 వరకు లెక్కిస్తే ఆ పట్టికలో ఏదో ఒక స్థానంలో 741 వారాలు ఉంది. అంటే 14 సంవత్సరాలకు పైగా!

రెండవ కొలత: మొదటికీ చివరికీ మధ్య కాలం

బీటిల్స్ బృందం బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 1963లో మొదటి స్థానానికి చేరింది. 1970లో బృందం విడిపోయింది. జాన్ లెనన్ ఇంట్లో రికార్డు చేసుకున్న ఒక పాత టేపు ఆధారంగా తయారైన 'నౌ అండ్ దెన్' 2023లో మళ్లీ మొదటి స్థానం పొందింది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 60 సంవత్సరాలు. అయితే 1969 తరువాత 54 ఏళ్లపాటు ఒక్కసారి కూడా వారికి ఆ స్థానం దక్కలేదని గమనించండి. ఎల్విస్ ప్రెస్లీ విషయం ఇంకా విచిత్రం. ఆయన 1977లో మరణించారు. ఆయన పాత పాటలను తిరిగి విడుదల చేయగా 2005లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వచ్చాయి.

మూడవ కొలత: దశాబ్దాలు

క్లిఫ్ రిచర్డ్ 1940లో మన లక్నోలో పుట్టారు. అసలు పేరు హ్యారీ వెబ్. 1948లో కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. ఆయనకు 1959లో మొదటిసారి, 1999లో చివరిసారి అక్కడి సింగిల్స్ పట్టికలో మొదటి స్థానం వచ్చింది. 1950ల నుంచి 1990ల వరకు ఐదు దశాబ్దాల్లో ఒక్కటి కూడా ఖాళీ పోలేదు.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. బీటిల్స్‌కు 60 సంవత్సరాలు, కాని రెండే దశాబ్దాలు. క్లిఫ్ రిచర్డ్‌కు 40 సంవత్సరాలు, కాని ఐదు దశాబ్దాలు. కొలత మారితే విజేత మారిపోయాడు. రెండు లెక్కలూ నిజమే.

నియమం మారితే?

1991 నుంచి 2009 వరకు బిల్‌బోర్డ్ పాత ఆల్బమ్‌లను ప్రధాన పట్టికలో చేర్చలేదు, వాటికి వేరే పట్టిక పెట్టింది. ఆ కాలంలోనూ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ అమ్ముడవుతూనే ఉంది, కాని ప్రధాన పట్టికలో దాని వారాలు పెరగలేదు. నియమం సడలించాక మళ్లీ పెరిగాయి. బ్రిటన్‌లో 2014 నుంచి ఇంటర్నెట్‌లో పాట విన్న లెక్కను, అంటే స్ట్రీమింగ్‌ను కూడా సింగిల్స్ పట్టికకు కలుపుతున్నారు. దాంతో ప్రతి డిసెంబరులో పాత క్రిస్మస్ పాటలు పట్టికలోకి తిరిగివస్తున్నాయి. 'వామ్' జంట 1984లో విడుదల చేసిన 'లాస్ట్ క్రిస్మస్' అప్పట్లో రెండవ స్థానంతో ఆగింది. మొదటి స్థానం దక్కింది 2021 జనవరి 1న! పాట మారలేదు. జనం వినే పద్ధతి, లెక్కించే పద్ధతి మారాయి.

తల్లిదండ్రులకు ఒక మాట

మన పిల్లలు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో వేర్వేరు బోర్డుల కింద చదువుతున్నారు. ఒక బోర్డులో వచ్చిన 85 శాతాన్ని మరొక బోర్డులో వచ్చిన 90 శాతంతో నేరుగా పోల్చి "నువ్వు వెనుకబడ్డావు" అనడం, పై ఉదాహరణలో ఒక్క కొలతే చూసి తీర్పు చెప్పడం లాంటిదే. అలాగే ఒక పరీక్షలో వచ్చిన మొదటి ర్యాంకు ఒక కొలత, ఐదేళ్లపాటు తప్పకుండా మంచి మార్కులు తెచ్చుకోవడం మరొక కొలత. ఒకే వారం మొదటి స్థానంలో ఉన్న ఆల్బమ్ 741 వారాలు నిలిచిందని మరువకండి. పిల్లవాడి ప్రగతి పత్రం చూసేటప్పుడు ఈ సంవత్సరపు అంకెతోపాటు గత సంవత్సరాల అంకెలను కూడా పక్కన పెట్టుకుని చూడమని నా మనవి.

అభ్యాసం

1. ఒక గాయనికి 1979లోను 1980లోను మొదటి స్థానం వచ్చింది. మరొక గాయనికి 1981లోను 1989లోను వచ్చింది. దశాబ్దాల లెక్కలో ఎవరిది పైచేయి? సంవత్సరాల లెక్కలో ఎవరిది? ఏ లెక్క న్యాయమని మీకు తోస్తుంది? కారణం రాయండి.

2. 741 వారాలను సంవత్సరాలు, వారాలుగా మార్చండి. (సంవత్సరానికి 52 వారాలుగా తీసుకోండి.)

3. ఈ వారం దినపత్రికలో "రికార్డు" అన్న మాట ఉన్న ఒక వార్తను కత్తిరించి నోటుపుస్తకంలో అంటించండి. దేన్ని లెక్కించారు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ నియమం ప్రకారం – ఈ మూడింటికీ వార్తలో జవాబు దొరుకుతుందేమో చూడండి. దొరకకపోతే ఆ అంకెను నమ్మే ముందు ఇంట్లో పెద్దలతోనో, మీ ఉపాధ్యాయులతోనో చర్చించండి.