సగటు గీత మింగేసిన ఊళ్లు

పుదుచ్చేరిలో గోరిమేడు అనగానే జిప్మర్ ఆసుపత్రి గుర్తొస్తుంది. దాని దగ్గరే, ఇందిరానగర్‌లో, 1975లో పుట్టిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. 1981 నుంచి 1985 దాకా పుదుచ్చేరిలో బోదకాలును మోసే క్యూలెక్స్ దోమల్ని అదుపు చేసిన సందర్భంలో వాళ్లు పోగేసిన రక్తపరీక్షల లెక్కలే తర్వాత లింఫాసిమ్‌కు ఆధారం. అది బోదకాలు వ్యాప్తిని అనుకరించే సిమ్యులేషన్, రాటర్‌డామ్ ఎరాస్మస్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి కట్టింది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి బోదకాలు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే, సిమ్యులేషన్ లెక్కల్ని గ్రాఫులుగా గీసే కుర్రాళ్లకు ఏం చెప్పాలన్నా నేను దీన్నే పట్టుకుంటాను.

1. ముందు సిమ్యులేషన్ రన్లన్నీ గీయండి, సగటు తర్వాత. లింఫాసిమ్ ఊళ్లో ఒక్కొక్క మనిషినీ విడిగా లెక్కేస్తుంది. ఎవరిని దోమ ఎక్కువ కుట్టింది, ఊరంతటికీ పంచే బోదకాలు మాత్ర ఎవరు మింగలేదు అన్నవాటిలో అదృష్టానికీ వాటా ఉంటుంది. కాబట్టి అదే ఊరు, అవే మాత్రలు అయినా రెండోసారి నడిపితే ఫలితం మారుతుంది. వంద రన్లు నడిపారనుకోండి. యాభైలో వ్యాధి సున్నాకు చేరింది, మిగతా యాభైలో తిరిగి పుంజుకుని నూటికి నలుగురి రక్తంలో తేలింది. సగటు రెండు. ఆ రెండు దగ్గర ఒక్క రన్ కూడా లేదు! పైఅధికారి మాత్రం ఆ గీత చూసి 'సగం పని అయింది' అనుకుంటాడు. ఆయనకు కావలసింది వందలో ఎన్ని రన్లలో వ్యాధి అంతమైందన్న సంఖ్య. దాన్ని గ్రాఫు పక్కనే పెద్ద అక్షరాల్లో రాయండి. రన్లు సన్నటి బూడిదరంగు గీతలైతే చాలు.

2. కంప్యూటర్ ఊరినీ, అసలు ఊరినీ ఒకే జల్లెడ పట్టండి. మైక్రోఫైలేరియాలు, అంటే బోదకాలు పురుగు పిల్లలు, పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి, అందుకే రక్తం రాత్రిపూట తీస్తారు. పుదుచ్చేరి సర్వేలో వేలి నుంచి తీసింది 20 మైక్రోలీటర్లు. అందులో పురుగు కనబడకపోతే ఒంట్లో లేదని కాదు. సిమ్యులేషన్‌కు మాత్రం ఒంట్లో ఉన్నదంతా తెలుసు. దాన్ని ఉన్నదున్నట్టు గీసి, పక్కన సర్వే చుక్కలు పెడితే మోడల్ తప్పుచెప్పినట్టు కనిపిస్తుంది. స్లైడు మీద ఏం కనబడేదో లెక్కగట్టి అది గీయండి.

3. లాగ్ స్కేలులో సున్నాకు చోటు లేదు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ చుక్కల్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి. అంటే వ్యాధి పోయిన ఊళ్లే బొమ్మలోంచి మాయం. అడుగున వాటికి విడిగా ఒక పట్టీ ఇవ్వండి.

4. రంగుల గురించి ఒక్కటే మాట: ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు.

5. కాలాన్ని పొడుగ్గా గీయండి. పుదుచ్చేరి లెక్కల మీద వేసిన అంచనా ప్రకారం పెద్ద పురుగు ఆయుష్షు సుమారు 10 ఏళ్లు, అంటే మాత్రలు ఆపేనాటికి కొన్ని ఇంకా బతికే ఉండొచ్చు. ఐదో ఏట మాత్రలు ఆపి, గ్రాఫునూ అక్కడే ఆపితే గీత కిందికే దిగుతూ ఎంతో ముద్దుగా ఉంటుంది. మాత్రలు ఆపాక ఏమైందో చూపే ఏళ్లన్నీ కుడివైపు అంచు అవతలే ఉండిపోతాయి.