నేత తెలిస్తే నౌన్ తెలిసినట్టే

సూరత్‌లోని పారిశ్రామికవాడల చుట్టుపక్కల చాలామంది తెలుగువాళ్లున్నారు. తెలంగాణ నుంచి సాంచాల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల పిల్లలు ఇప్పుడు సూపర్‌వైజర్, అకౌంట్స్, డిస్పాచ్ ఉద్యోగాలకు బయోడేటాలు రాస్తున్నారు. ఇంగ్లిష్ అనగానే జంకుతున్నారు. నిజానికి పేమెంట్, ప్రొడక్షన్, డెలివరీ, మెయింటెనెన్స్ అనే మాటలు వాళ్ల ఇళ్లలో రోజూ వినిపించేవే. అవన్నీ క్రియల నుంచి పుట్టిన నామవాచకాలు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. నేయు నుంచి నేత, కోయు నుంచి కోత, అమ్ము నుంచి అమ్మకం, తీర్చు నుంచి తీర్పు వచ్చాయి. ఇంగ్లిష్‌లోనూ క్రియ చివర ఒక ప్రత్యయం చేరుతుంది.

ప్రధానమైన గుంపులు

- మెంట్: పే–పేమెంట్, షిప్–షిప్‌మెంట్, అపాయింట్–అపాయింట్‌మెంట్
- షన్: ఇన్‌స్పెక్ట్–ఇన్‌స్పెక్షన్, ప్రొడ్యూస్–ప్రొడక్షన్, అప్లై–అప్లికేషన్
- అన్స్: అటెండ్–అటెండెన్స్, మెయింటెయిన్–మెయింటెనెన్స్
- అల్: అప్రూవ్–అప్రూవల్, అరైవ్–అరైవల్
- పని చేసే మనిషి: వీవ్–వీవర్, సూపర్‌వైజ్–సూపర్‌వైజర్

ఏ క్రియకు ఏ ప్రత్యయమో చెప్పే ఒకే సూత్రం లేదు. నమ్ము నమ్మకమైంది కదా అని చిమ్ము చిమ్మకం కాదు. అందుకే విడివిడిగా కాకుండా జంటగా గుర్తుపెట్టుకోవాలి. డిస్పాచ్, రిపేర్ వంటివి క్రియగానూ నామవాచకంగానూ ఒకే రూపంలో ఉంటాయి.

తప్పులు దొర్లే చోట్లు

రంగు అద్దే పని డైయింగ్. రాసేటప్పుడు ‘ఇ’ అక్షరం వదిలేస్తే అది చనిపోవడమనే మాట అయిపోతుంది! వీవర్ చివర ‘ఇ ఆర్’, సూపర్‌వైజర్ చివర ‘ఓ ఆర్’ వస్తాయి. ఉద్యోగం ఇచ్చేది ఎంప్లాయర్, చేసేది ఎంప్లాయీ. రెండో మాట చివర ‘ఇ’ రెండుసార్లు రాయాలి.

బయోడేటాలో ఎలా వాడాలి?

శీర్షికలకు నామవాచకం బాగుంటుంది: లూమ్ మెయింటెనెన్స్, ఫ్యాబ్రిక్ ఇన్‌స్పెక్షన్. చేసిన పని చెప్పేటప్పుడు మాత్రం క్రియకే బలం. ‘డిడ్ ఇన్‌స్పెక్షన్ ఆఫ్ ఫ్యాబ్రిక్’ అని సాగదీయకుండా ‘ఇన్‌స్పెక్టెడ్ ఫ్యాబ్రిక్’ అంటే చాలు. ఎన్ని సాంచాలు చూశారో, షిఫ్టుకు ఎన్ని తాకాలు (బట్ట చుట్టలు) తనిఖీ చేశారో అంకెల్లో రాస్తే ఇంకా మంచిది.

వారం రోజుల సాధన

పుస్తకంలో జాబితా బట్టీ పట్టక్కర్లేదు. పని చేసే చోట వినిపించే నామవాచకాలు రోజుకు ఐదు రాసుకోండి. పక్కన వాటి క్రియ రాసి, రెండింటితో చెరో వాక్యం కట్టండి. స్పెల్లింగ్ డిక్షనరీలో సరిచూసుకోండి. వారానికి ముప్ఫై ఐదు జంటలు చేతిలో ఉంటాయి. పోటీ పరీక్షలో ఖాళీ పూరించమన్నా, ఇంటర్వ్యూలో మీ పని గురించి చెప్పమన్నా ముందుగా నోటికొచ్చేవి ఇవే.