బనకచర్ల దగ్గర ఒక పవర్ క్వెరీ పాఠం

పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం జలాశయం వదిలిన నీళ్లు దాదాపు 16 కిలోమీటర్లు ఒకే కాలువలో పారి బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్‌కు చేరతాయి. అక్కడి నుంచి తెలుగుగంగకు కొన్ని, ఎస్సార్బీసీకి కొన్ని, నిప్పులవాగు వైపు కొన్ని. మూడింటికీ జలాశయం నుంచి వేర్వేరు కాలువలు తవ్వలేదు. డేటా అనలిస్ట్ ఉద్యోగం కోసం, ఎక్సెల్‌లోనూ పవర్ బీఐలోనూ డేటాను సరిచేసే పవర్ క్వెరీ మొదలుపెట్టినవాళ్లు మాత్రం ప్రతి పట్టికకూ ఒక వేరే కాలువ తరచూ తవ్వేస్తుంటారు.

వరద రోజుల్లో పేపర్లో వచ్చే శ్రీశైలం అంకెలతోనే ప్రాజెక్టు చేయండి. నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో రోజూ ఎక్సెల్‌లో ఎక్కించండి. నెల తిరగకముందే గందరగోళం మొదలవుతుంది. ఒకచోట 2,15,000 అని, ఇంకోచోట 2.15 లక్షలని రాసి ఉంటారు. 05-08 అంటే మనకు ఆగస్టు 5, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కు మే 8. ఇవన్నీ సరిచేసే దశలతో ఒక క్వెరీ చేసి, 'శుభ్రం' అని పేరు పెట్టండి.

దాని మీద రైట్‌క్లిక్ చేస్తే డూప్లికేట్, రిఫరెన్స్ కనిపిస్తాయి. డూప్లికేట్ కొడితే దశలన్నీ నకలవుతాయి, ఆపైన అసలుకూ నకలుకూ సంబంధం తెగిపోతుంది. ఏదైనా ప్రయోగం చేసి చూడటానికి అదే మంచిది. రిఫరెన్స్ కొడితే కొత్త క్వెరీలో ఉండేది ఒక్కటే దశ: '= శుభ్రం'. రోజువారీ పట్టిక, నెలవారీ పట్టిక రెండూ ఇలాగే తీయండి. తేదీల తప్పు పైన ఒకసారి దిద్దితే చాలు.

నకళ్ల వల్ల వచ్చే నష్టానికి శ్రీశైలంలోనే ఉదాహరణ ఉంది. మొదట్లో జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక పేరుకున్నాక, పూర్తి మట్టం 885 అడుగుల దగ్గర ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది 215.81. నిల్వ 150 టీఎంసీలున్న రోజున ఒక నకలులో పాత అంకె ఉండిపోతే డ్యామ్ 49 శాతం నిండినట్టు, రెండోదానిలో 70 శాతం నిండినట్టు వస్తుంది. ఏది నమ్మమంటారని మేనేజరు అడిగితే ఏం చెబుతారు? అందుకే సామర్థ్యాన్ని కూడా విడిగా ఒక చిన్న క్వెరీగా పెట్టి, రెండు పట్టికలూ దాన్నే అడిగేలా చేయండి. క్యూసెక్కులను టీఎంసీల్లోకి మార్చే లెక్కా అంతే: రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ.

ఇంటర్వ్యూలో ఇక్కడే ఒక మెలిక పెట్టొచ్చు: "రిఫరెన్స్ చేస్తే సోర్స్ ఫైల్ ఒక్కసారే చదువుతుందా?" అవునంటే దొరికిపోయినట్టే. కాలువ పోలిక ఇంతవరకే పనికొస్తుంది. క్వెరీలో నీళ్లు నిల్వ ఉండవు, ఉండేది దశల చిట్టా. లోడ్ అయ్యే ప్రతి పట్టికా ఆ చిట్టాను మళ్లీ మొదటి నుంచి నడపొచ్చు. కాబట్టి రిఫరెన్స్ వల్ల తగ్గేది మన చాకిరీ, తప్పులు. వేగం పెరుగుతుందన్న హామీ లేదు. సోర్స్ మరీ బరువైతే, శుభ్రం చేసిన డేటాను డేటాఫ్లోలోనో డేటాబేస్‌లోనో ఒకసారి దించుకుని అక్కడి నుంచి తీసుకోవాలి.

'శుభ్రం' నేరుగా రిపోర్టులో అక్కర్లేదు కాబట్టి పవర్ బీఐలో దాని 'ఎనేబుల్ లోడ్' తీసేయండి. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకు ఇదంతా వ్యూ, విత్ వాడటం లాంటిదే. మైక్రోసాఫ్ట్ పీఎల్-300 పరీక్ష సిలబస్‌లో డూప్లికేట్ ఎప్పుడు, రిఫరెన్స్ ఎప్పుడు అన్నది ఉంది. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, కోచింగ్ కోసం హైదరాబాద్ బస్సెక్కే ముందు ఇంట్లోనే ఇంతవరకు చేసేయొచ్చు.

ప్రాజెక్టు పంపేటప్పుడు పవర్ క్వెరీ ఎడిటర్ వ్యూ మెనూలోని 'క్వెరీ డిపెండెన్సీస్' బొమ్మను మొదటి పేజీలో పెట్టండి. రంగురంగుల చార్టులు తర్వాత.