స్పీకర్ కుర్చీ ఏ పార్టీది?



ఈ నెల ఎనిమిదో తరగతి సోషల్‌లో పార్లమెంటు పాఠం నడుస్తోంది. స్పీకర్‌ని ఎవరు ఎన్నుకుంటారు, అధికారాలేమిటి అని అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. అక్కడ మార్కులు పోవు. "స్పీకర్ నిష్పక్షపాతంగా ఉండాలి" అనే ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఇంట్లో మీరు కాసేపు ఆగాలని నా కోరిక. 'ఇంపార్షియల్' అనే మాటకు స్పెల్లింగ్ నేర్పడం తేలికే. దాని అర్థం నేర్పడమే కష్టం. మన పిల్లలు పెరుగుతున్నదే పక్షాల మధ్య. ఏ హీరో, ఏ పార్టీ, ఏ కులం, ఏ ప్రాంతం అన్నది ముందు తేలాలి, మాట తర్వాత. ఫోన్‌లో వచ్చిన ఫార్వర్డ్ మనవాళ్లకు అనుకూలమైతే నిజం, కాకపోతే అబద్ధం. (ఇందులో పెద్దవాళ్లకూ మినహాయింపేమీ లేదు.)

పిల్లలకు చెప్పడానికి మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత కాంగ్రెస్ పార్టీకి అఖిల భారత అధ్యక్షుడిగానూ చేశారు. అంతటి పార్టీ మనిషి 1967 మార్చిలో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికవగానే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అలా చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు. బ్రిటన్‌లో స్పీకర్ అయినవారు పార్టీని వదిలేయడం ఆనవాయితీ, మన దగ్గర అది లేదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కూడా స్పీకర్ తన పార్టీ నుంచి బయటికొస్తే సభ్యత్వం పోదని వెసులుబాటు ఇచ్చింది. దాన్ని వాడుకున్నవారు మాత్రం చాలా అరుదు.

అయితే కథను ఇక్కడే ఆపి చప్పట్లు కొట్టించకండి. అదే సంజీవరెడ్డి గారు 1969లో స్పీకర్ పదవి వదిలి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు, వి.వి.గిరి గారి చేతిలో ఓడిపోయారు. "అయితే టీచర్, పార్టీని నిజంగా వదిలేసినట్టేనా?" అని ఎవరైనా అడిగితే నాకు సంతోషం. గౌరవం ఉంచుకుంటూనే ప్రశ్న అడగడం వాళ్లు నేర్చుకోవాలి.

రెండో ఉదాహరణ ఇంకా చిక్కుది. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి గారి ప్రభుత్వం విశ్వాస పరీక్ష ఎదుర్కొంది. స్పీకర్ కుర్చీలో ఉన్నది మన కోనసీమకు చెందిన జి.ఎం.సి.బాలయోగి గారు. ఆయన పార్టీ తెలుగుదేశం ఆ ప్రభుత్వానికి మద్దతిస్తోంది. గొడవంతా ఒక్క ఓటు మీద వచ్చింది. కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ గారు అంతకు రెండు నెలల ముందే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కానీ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ముఖ్యమంత్రికి ఢిల్లీలో ఓటేమిటని ఒక పక్షం, ఎంపీగా ఉన్నంతకాలం ఓటు ఆయన హక్కేనని ఇంకో పక్షం. బాలయోగి గారు ఆ నిర్ణయాన్ని గమాంగ్ గారి విచక్షణకే వదిలేశారు. గమాంగ్ గారు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. లెక్కిస్తే అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం పడిపోయింది.

ఇప్పుడు పిల్లల చేతికి పెన్సిల్ ఇవ్వండి. ఆ ఒక్క ఓటు తీసేస్తే ఎంత? 269, 269. స్పీకర్ మామూలుగా ఓటేయరు. రెండు పక్కలా సమానమైతేనే, రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం, నిర్ణాయక ఓటు ఆయనది. అంటే గమాంగ్ గారిని ఆపి ఉంటే ప్రభుత్వం భవిష్యత్తు బాలయోగి గారి చేతుల్లోకే వచ్చేది. ఆయన చేసింది సరైనదేనా? బాధ్యత తప్పించుకున్నారా, లేక తన పార్టీకి నష్టమని తెలిసీ చట్టానికి కట్టుబడ్డారా? దీని మీద ఇప్పటికీ పెద్దవాళ్లే రెండు రకాలుగా మాట్లాడతారు. క్లాసులో నేను నా అభిప్రాయం చెప్పను. దయచేసి మీరూ ముందే చెప్పేయకండి. నాన్నగారు ఎటు అంటే అటు తలూపడం మన పిల్లలకు బాగా అలవాటు.

దానికి బదులు ఒక చిన్న పని చేయించండి. బాబు గానీ పాప గానీ ఏ వైపు మాట్లాడితే, ఐదు నిమిషాలు అవతలి వైపు వాదించమనండి. ఆ తర్వాత పార్టీల పేర్లు తారుమారు చేసి, అదే సంఘటన మళ్లీ చెప్పండి. పేర్లు మారగానే జవాబు కూడా మారిందంటే, ఎందుకు మారిందో వాళ్లనే ఆలోచించమనండి. కోప్పడాల్సిన పనిలేదు, నవ్వుకుంటూ అడిగితే చాలు. రాజకీయాలు ఇంట్లో వద్దనుకుంటే కాలనీ క్రికెట్ మ్యాచ్‌లో రనౌట్ గొడవతోనైనా ఇది చేయొచ్చు. మన బ్యాట్స్‌మన్ అయితే నాటౌట్, అవతలివాడైతే క్లియర్ ఔట్ కదా.

నోట్‌బుక్‌లో ఏమీ రాయించొద్దు, దీనికి మార్కుల్లేవు. వచ్చే నెల క్లాస్ లీడర్ ఎన్నికలున్నాయి. గెలిచిన లీడర్ తన బెంచీ స్నేహితుడు అల్లరి చేసినా బోర్డు మీద పేరు రాయాలా వద్దా అన్నది మా మొదటి చర్చాంశం. పిల్లలు ఇంటి దగ్గర వాదించి వస్తే ఆ పీరియడ్ నాకు తక్కువవుతుందేమో చూడాలి.