తరగతిగదిలో రహస్యసాక్షి

కన్నది సత్యమైనంతమాత్రమున దానిని ఎల్లరకును చూపుట ధర్మమగునా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. నేడు సెల్‌ఫోను దానిని బడిపిల్లల బల్లక్రిందికి తెచ్చినది.

భిలాయి ఉక్కుకర్మాగారపు తొలి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభమైనది. ఆ కర్మాగారమును నమ్ముకొని ఆంధ్రదేశమునుండి అనేక కుటుంబములు తరలిపోయినవి. వారిలో పెక్కుమంది ఖుర్సీపార్‌లో స్థిరపడిరి. అచటి ఒక తరగతిని ఊహింతము. ఇంట తెలుగును, బడిలో హిందీని మాటలాడు బాలుడొకడు పాఠమును తప్పు చదివెను. ఉపాధ్యాయుడు చెంపపై కొట్టి, అతని తండ్రి కూలిబ్రతుకును ఎత్తిపొడిచెను. వెనుకబల్లపై నున్న సహపాఠి దానిని రహస్యముగా ఫోనులో చిత్రించెను. అతడు చేసినది గురుద్రోహమా?

మొదట దెబ్బ సంగతి విచారింతము. దండనము గురువునకు పరంపరగా వచ్చిన అధికారమని కొందరు వాదింతురు. కాని గౌతమధర్మసూత్రము శిష్యుని కొట్టకయే శాసింపవలెనని మొదట విధించినది. అది సాధ్యము కానప్పుడే సన్నని త్రాటికో వెదురుబద్దకో సమ్మతించినది. అంతకు మించి కొట్టిన గురువును రాజు శిక్షింపవలెనని గూడ చెప్పినది. గురుపీఠము నాడును విచారణకు అతీతము కాదన్నమాట. నేటి శాసనము ఆ కొద్ది సమ్మతిని గూడ తొలగించినది. 2009 విద్యాహక్కు చట్టములోని 17వ విభాగము శారీరకదండనమును, మానసికపీడనను నిషేధించినది. క్రమశిక్షణ పేర బాలుని హింసించుట విద్యలో భాగము కాజాలదని 2024లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు స్పష్టపరచినది.

కావున బలహీనుని రక్షించుటకు సాక్ష్యము సంపాదించుట ద్రోహము కాదు. మాస్టారి మాటకు ఎదురుగా పిల్లవాని మాట నిలుచుట అరుదు. అట్టిచోట చూచియు మిన్నకుండుట అధర్మమునకు తోడ్పడుటయే. కాని మార్కుల విషయమున పగ తీర్చుకొనుటకో, గురువును రెచ్చగొట్టి కోపమును పట్టుకొనుటకో, నలుగురిలో నవ్వించుటకో అదే ఫోనును ఎత్తినచో అది వేట యగును. గొంతు పెంచి అల్లరిని అణచిన గురువును, చేయి చేసికొన్న గురువును ఒక్కగాట కట్టుట న్యాయము కాదు.

ఉద్దేశము మంచిదైనను విచారణ ముగియలేదు. మహాభారతములో కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పెను. సత్యమే పలుకుదునని వ్రతము పూనిన ఆ తపస్వి, దొంగలకు వెరచి అడవిలో దాగిన జనుల జాడను ఆ దొంగలకే తెలిపెను. వారు హతులైరి, కౌశికుడు నరకమున పడెను. అతడు పలికినది అసత్యము కాదు. ఎవరి చేతికి ఇచ్చుచున్నాడో విచారింపకపోవుటయే అతని దోషము.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ఉపాధ్యాయిని తోటిపిల్లలచే ఒక బాలుని చెంపపై కొట్టించిన దృశ్యము దేశమంతట ప్రాకినది. ఆ దృశ్యము లేనిచో అన్యాయము బయటపడుట దుర్లభము. విషయము సుప్రీంకోర్టువరకు పోయినది. అయినను ఏడ్చుచున్న ఆ పసివాని ముఖమును గూడ లోకము చూచినది. బాలుని గుర్తు తెలియజేయవలదనియు, ఆ వీడియోను పంచుకొనవలదనియు జాతీయ బాలల హక్కుల సంఘము కోరవలసివచ్చినది. విచారణలలో బాధితులగు బాలల పేరును, చిత్రమును వెల్లడింపరాదని 2015 బాలన్యాయచట్టములోని 74వ విభాగము శాసించుచున్నది. బాలుడు ఒకసారి తిన్న దెబ్బను వేలమంది మరల మరల చూచినచో, అతని అవమానమునకు అంతమెక్కడ?

గీత చెప్పిన వాఙ్మయతపస్సు ఇచట దారి చూపును. మాట సత్యమై, ప్రియమై, హితమై, ఇతరులకు ఉద్వేగము కలిగింపనిది కావలెను. చిత్రమును గూడ మాటగనే ఎంచవలెను. సహపాఠి ఆ చిత్రమును కత్తిరింపక, మిత్రబృందములకు పంపక, బాధితుని తల్లిదండ్రులకు చూపవలెను. వారు ప్రధానోపాధ్యాయునికిని, పాఠశాల యాజమాన్య సంఘమునకును విన్నవింపవచ్చును. అచట న్యాయము జరుగనిచో జిల్లా బాలల సంక్షేమ సమితిని ఆశ్రయింపవచ్చును. 1098 అను సంఖ్యకు ఫోను చేయుటకు బాలునికే అధికారమున్నది. రక్షింపగలవారి చేతికి చేరిన సత్యము ఔషధము. వేడుక చూచువారి చేతికి చేరినది కౌశికుని పలుకు.

గురువునకును ఇందు పాఠము గలదు. బడిద్వారమున ఫోనులను లాగికొన్నంతమాత్రమున సాక్షి తొలగిపోడు. కొట్టబడిన బాలుని మనస్సు చెరపరాని చిత్రమును భద్రపరచుకొనును. అంతర్యామి అంతకు ముందే చూచుచుండును. విద్యార్థి తల్లిదండ్రులు వెనుకబల్లపై కూర్చుండియున్నట్లే ప్రతిదినము పాఠము చెప్పు గురువునకు రహస్యచిత్రముచే కలుగు భయమేమి? అట్టి తరగతిలో ఫోను దాచుకొనవలసిన అవసరము ఏ బాలునికిని కలుగదు.