ట్రమడాల్ మానితే ఒళ్లంతా పీకేస్తోంది

ప్రశ్న: మావారు లారీ డ్రైవర్. నడుం నొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ బిళ్లలను రెండేళ్లుగా వదల్లేకపోతున్నారు. మానిన రాత్రే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్లు లాగేయడం, విరేచనాలు. దీనికి మందులున్నాయా?

జవాబు: ఉన్నాయమ్మా. ఇది ఆయన బలహీనత కాదు, మందుకు అలవాటుపడ్డ మెదడు పడే యాతన. రెండు మూడు రోజులు తీవ్రంగా ఉండి, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది.

ఇందుకు ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ బిళ్లను నాలుక కింద పెట్టి కరగనివ్వాలి, మింగకూడదు. ట్రమడాల్ ఆపి, మీరు రాసిన లక్షణాలు బాగా కనిపించాకే తొలి బిళ్ల. తొందరపడితే బాధ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే ఇది డాక్టరు ఎదుటే జరగాలి. చెమటలకు, గుండెదడకు క్లోనిడిన్ ఇస్తారు, అదీ బీపీ చూశాకే. విరేచనాలకు లోపెరమైడ్, ఓఆర్ఎస్.

రోజుకు ఎన్ని బిళ్లలు వేసుకుంటున్నారో దాచకుండా చెప్పమనండి. ట్రమడాల్ మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. చికిత్స మొదలైన రోజుల్లో స్టీరింగ్ పట్టనివ్వకండి.

నాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకొకటుంది. కొన్నాళ్లు మానేసినవాళ్లు మళ్లీ పాత మోతాదే వేసుకుంటారు. అప్పటికి ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి పోయి ఉంటుంది, ఊపిరే ఆగిపోవచ్చు. ఈ మాట ఆయన పక్కన కూర్చుని చెప్పండి. 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లోని డీ-అడిక్షన్ కేంద్రం వివరాలు ఇస్తారు.